ఏజెంటు టికెట్టు, కొడుకు మైళ్ళు

సంగం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి పరదేశం పోవాలంటే ముందు రోడ్డు మీద నెల్లూరు చేరాలి. అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట, తడ మీదుగా చెన్నై మీనంబాక్కం విమానాశ్రయం. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం గాని, మన వైపు విమానమంటే చెన్నైయే. ఆ దారిన పోయే కార్లలో ముఖ్యంగా రెండు రకాల ప్రయాణికులు కనిపిస్తారు. కువైట్‌కో దుబాయ్‌కో ఖతర్‌కో పనికి పోయేవాళ్ళు ఒకరు. అమెరికాలో కొడుకు దగ్గరికో, కూతురి కాన్పుకో పోయే అమ్మానాన్నలు ఇంకొకరు. ఇద్దరి టికెట్లూ చాలావరకు ఊళ్ళోనో నెల్లూరులోనో ఉన్న ట్రావెల్స్‌లో తీసినవే.

చిక్కు రెండో రకం వాళ్ళ దగ్గర మొదలవుతుంది. ఆఫీసు పని మీద విమానాల్లో తిరిగి తిరిగి కొడుకు ఖాతాలో మైళ్ళు, అంటే విమాన సంస్థలు తరచు తిరిగేవాళ్ళకి ఇచ్చే పాయింట్లు, పోగయ్యాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చెన్నై నుంచి దోహా ఎలాగో గడుస్తుంది, దోహా నుంచి డాలస్‌కి ఆగకుండా దాదాపు పదహారు గంటలు. ఆ ఒక్క మజిలీ అయినా ఆమె కాళ్ళు చాపుకుని పడుకుని రావాలని అతని కోరిక. తన మైళ్ళతో ఆమె టికెట్టును బిజినెస్ క్లాసుకి అప్‌గ్రేడ్ చెయ్యమని విమాన సంస్థకు ఫోను చేస్తే ‘టికెట్టు ఏజెంటు ఇచ్చింది, వాళ్ళనే అడగండి’ అంటారు. ఏజెంటు నడిగితే ‘మైళ్ళ సంగతి మా చేతిలో ఉండదన్నా, కంపెనీ వాళ్ళే చెయ్యాల’ అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే ఒకరిని తిట్టి ఊరుకుంటే తేలే వ్యవహారం కాదిది. రెండు వైపులా ఏముందో చూడాలి.

ముందు ఆ టికెట్టు కాగితాన్ని చేతిలోకి తీసుకుని చదవండి. పదమూడు అంకెల టికెట్టు నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఏ సంస్థ టికెట్టో చెబుతాయి. 157 అయితే ఖతర్ ఎయిర్‌వేస్, 176 అయితే ఎమిరేట్స్, 098 అయితే ఎయిరిండియా. పక్కన ఆరు అక్షరాల పీఎన్ఆర్. చాలాసార్లు అవి రెండుంటాయి. ఒకటి అమేడియస్, గెలీలియో లాంటి ఏజెంట్ల కంప్యూటర్ వ్యవస్థలో పుట్టింది, రెండోది విమాన సంస్థ సొంతది. మన చేతికొచ్చే కాగితం మీద ఒక్కోసారి మొదటిదే ఉంటుంది. దాన్ని సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే ‘ఈ బుకింగ్ లేదు’ అని వస్తుంది, ఇంట్లో వాళ్ళ గుండె గుభేలుమంటుంది. క్లాసు అన్న చోట ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎకానమీ అంటే అందరికీ ఒకటే సీటు, ఒకటే భోజనం. కాని ఒకే వరుసలో కూర్చున్న ముగ్గురి టికెట్ల మీదా మూడు వేర్వేరు అక్షరాలు ఉండొచ్చు. తేదీ మార్చుకోవచ్చా, మైళ్ళు ఎన్ని పడతాయి, అప్‌గ్రేడ్‌కి అర్హత ఉందా లేదా అన్నవన్నీ ఆ అక్షరాన్ని బట్టి తేలతాయి. ధర ఉండాల్సిన గడిలో రూపాయలకు బదులు ‘ఐటీ’ అనో ‘బీటీ’ అనో ఇంగ్లీషు అక్షరాలు పడి ఉంటే, ఆ టికెట్టు బయటికి చెప్పని టోకు ధరకు ఏజెంట్లకు ఇచ్చినదని అర్థం.

ఇంకొక్క గడి చూడాలి. టికెట్టు జారీ చేసింది ఎవరు? మనం డబ్బు కట్టిన ఆత్మకూరు బస్టాండు పక్క కొట్టు పేరు అక్కడ ఉండకపోవచ్చు. చిన్న ఊళ్ళలోని ట్రావెల్స్‌లో చాలావాటికి నేరుగా టికెట్టు జారీ చేసే ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) గుర్తింపు ఉండదు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న పెద్ద టోకు ఏజెంటు దగ్గర వాళ్ళు టికెట్టు తీసుకుని మనకిస్తారు. అంటే అమ్మకూ ఆ సీటుకూ మధ్య కొట్టు యజమాని, టోకు ఏజెంటు, విమాన సంస్థ వరసగా నిలబడి ఉన్నారు. మైళ్ళున్న కొడుకు ఈ వరసలో ఎక్కడా లేడు.

అప్‌గ్రేడ్ అంటే సీటు నంబరు మార్చడం కాదు, టికెట్టునే మార్చి మళ్ళీ ఇవ్వడం. క్లాసు మారితే పన్నూ మారుతుంది. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతమే ఉండగా, ఆ పై తరగతుల మీద 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బ్రిటన్ నుంచి బయల్దేరే ప్రయాణాలకైతే పై తరగతులకు ప్రయాణపు సుంకమే ఎక్కువ. మైళ్ళు కొట్టినా ఈ తేడా డబ్బు రూపంలోనే కట్టాలి. ఈ పనంతా ఎవరు చెయ్యాలి? సాధారణంగా టికెట్టు ఎవరు జారీ చేశారో, చెకిన్ తెరుచుకునేదాకా దాని మీద అదుపు వాళ్ళదే. ఏజెంటు దగ్గర టికెట్టును మార్చే వీలుంటుంది గాని మైళ్ళ ఖాతా తలుపు ఉండదు. సంస్థ దగ్గర మైళ్ళ ఖాతా ఉంటుంది గాని, ఏజెంటు ఇచ్చిన టికెట్టును తాకడానికి దాని నియమాలు చాలాసార్లు ఒప్పుకోవు. రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గరా ఉన్నాయి, ఇద్దరూ ఒకే చోటికి రారు.

ఇప్పుడు సంస్థల వాదన వినాలి. దాన్ని కొట్టిపారేయడానికి లేదు. మైళ్ళ పద్ధతిని 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది, తక్కిన సంస్థలు వెంట నడిచాయి. వేరే కంపెనీ విమానం చవగ్గా దొరికినా తమనే పట్టుకుని ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్నది అందులో ఆలోచన. ఏజెంటు దగ్గరికి పోయినవాళ్ళు ‘ఏది చవకో అది ఇయ్యి నాయనా’ అంటారు. ఏజెంటు నాలుగు సంస్థలు చూసి ఒకటి తీస్తాడు. ఆ చవక ధరను సంస్థ ఇచ్చిందే షరతుల మీద. మార్పులు ఉండవు, డబ్బు వాపసు ఉండదు, అప్‌గ్రేడ్ ఉండదు. అట్టడుగు ధర టికెట్టుకీ మైళ్ళతో ముందు సీటు ఇచ్చేస్తే, ఇరవై ముప్పై వేలు ఎక్కువ పెట్టి పై ధర టికెట్టు కొన్నవాడికి మిగిలేదేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. అమెరికాలో మైళ్ళ లెక్కే దూరం నుంచి డబ్బు మీదికి మారిపోయింది. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో ఖర్చును బట్టి మైళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన ఎయిరిండియా కూడా తన మైళ్ళ పథకంలో అదే దారి పట్టింది. ఎంత కట్టావో అంత విశ్వాసం అన్నది ఇప్పటి లెక్క. అది నచ్చినా నచ్చకపోయినా, టోకు ధర టికెట్టుకు ఆ లెక్కలో చోటు తక్కువ.

మరో మాట కూడా సంస్థల పక్షాన చెప్పాలి. డాలస్‌లో ఉన్న కొడుక్కి ఎక్కువగా ఉండేవి అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ళు, ఆ ఊరు ఆ సంస్థకు పెద్ద కేంద్రం కాబట్టి. ఖతర్ ఎయిర్‌వేస్, అమెరికన్ రెండూ వన్‌వరల్డ్ కూటమిలోవే. అయినా అమెరికన్ మైళ్ళతో ఖతర్ టికెట్టును అప్‌గ్రేడ్ చెయ్యడానికి వీల్లేదు. ఆ టికెట్టు ఏజెంటు దగ్గర తీసినా, ఖతర్ వెబ్‌సైట్‌లోనే తీసినా అంతే. యునైటెడ్ మైళ్ళున్నవాళ్ళకి స్టార్ అలయన్స్‌లోని ఇతర సంస్థల విమానాల్లో అప్‌గ్రేడ్‌కి దారి ఉంది. ఎయిరిండియా 2014 జులై నుంచి ఆ కూటమిలో ఉంది. కాని దానికి సాధారణంగా వై, బి లాంటి పూర్తి ధర ఎకానమీ టికెట్టు ఉండాలి. ఆ ధర పెట్టేటప్పుడు బిజినెస్ క్లాసు ఏదైనా ఆఫర్‌లో ఎంతకొస్తుందో ఒకసారి చూసుకోవడం మేలు. అంటే నెపమంతా ఏజెంటు మీద పడుతున్న చాలా సందర్భాల్లో అసలు అడ్డు ఏజెంటు కాదు. ఏ సంస్థ మైళ్ళు, ఏ సంస్థ విమానం, ఏ అక్షరం అన్నదే అడ్డు.

ఇంక ఏజెంటు వైపు. ఊళ్ళోని ట్రావెల్స్ వాడు చేసే పనిని అమెరికాలో కూర్చుని తక్కువ చేసి మాట్లాడటం తేలిక. తండ్రి పొలం మీద డబ్బు చేతికొచ్చేదాకా టికెట్టు డబ్బు రెండు విడతల్లో తీసుకునేది అతనే. పేరు తప్పులు పట్టుకునేదీ అతనే. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. టికెట్టు మీద ఆ పేరు ఎట్ట కొట్టాలో ఏ వెబ్‌సైటూ తెలుగులో చెప్పదు. రాత్రి రెండు గంటలకు చెన్నైలో విమానం రద్దయితే ఫోను ఎత్తేది అతను. వీల్‌చెయిర్ రాయించేది అతను. 2008 నుంచి విమాన సంస్థలు ఏజెంట్ల కమీషన్లు ఎత్తేసే దారిలో నడిచాయి. అతని రాబడి టోకు ధర మీద వేసుకునే నాలుగు రూపాయల్లోనూ, సర్వీసు చార్జీలోనూ ఉంది. అందుకే టోకు ధర టికెట్టునే ముందు చూపిస్తాడు. అది మోసం కాదు, బతుకుతెరువు.

కాని అతను చెప్పకుండా వదిలేసే మాట ఒకటుంది, నాకు అభ్యంతరం అక్కడే. ‘అబ్బయా, దీన్ని తర్వాత పై క్లాసుకి మార్చుకోవచ్చునా?’ అని తండ్రి అడిగితే, ‘ఏం పరవాలేదు పెద్దాయనా, అప్పుడు చూసుకుందాం’ అన్న జవాబు మామూలైపోయింది. తర్వాత చూసుకోవడానికి చాలాసార్లు అక్కడేమీ ఉండదు. టికెట్టు తెగిన క్షణంలోనే ఆ తలుపు మూసుకుపోయింది. ధర తక్కువని చెప్పిన నోటితోనే ఎందుకు తక్కువో చెప్పడం కష్టమైన పని కాదు. విమాన సంస్థలకూ ఇందులో వాటా ఉంది. డబ్బు వాపసు విషయంలో, ఏజెంటు ద్వారా కొన్న టికెట్టు అయినా బాధ్యత విమాన సంస్థదేనని, ఏజెంట్లు వాళ్ళు నియమించుకున్న ప్రతినిధులేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు అంటాయి. వాపసుకి ప్రతినిధి అయినవాడు, షరతులు చెప్పాల్సి వచ్చేసరికి మూడో మనిషి ఎలా అవుతాడు?

తరగతి మార్పు విషయానికొస్తే, కింది తరగతికి దింపితే మన దగ్గర నియమం ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి, టికెట్టు కొన్న తరగతి కంటే కింద కూర్చోబెడితే దేశంలోపలి ప్రయాణానికి 75 శాతం, విదేశీ ప్రయాణానికి దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం డబ్బు తిరిగి ఇవ్వాలి. పైకి పోయే విషయంలో ఏ నియమమూ లేదు, ఉండాలని నేననను కూడా. అది సంస్థ ఇచ్చే సదుపాయం. మన రైళ్ళలో 2006 నుంచి పై తరగతిలో బెర్తులు ఖాళీగా ఉంటే కింది తరగతి వాళ్ళకి ఉచితంగా ఇచ్చే పద్ధతి ఉంది. పూర్తి చార్జీ కట్టిన టికెట్టయితే చాలు. నెల్లూరు స్టేషన్‌లో కొన్నారా, ఆన్‌లైన్‌లో కొన్నారా అని ఎవరూ అడగరు. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి అట్ట నడుస్తుంది. విమాన సంస్థల నుంచి అంత ఆశించనక్కర్లేదు. ముందుగా చెప్పమని మాత్రం గట్టిగానే అడగొచ్చు.

మరి ఎవరు ఏం చెయ్యాలి? అందరికీ ఒకటే సలహా చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ‘ఏజెంటు దగ్గర ఎప్పుడూ కొనొద్దు, నేరుగా సంస్థ దగ్గరే కొనండి’ అనే మాట నగరాల్లో క్రెడిట్ కార్డులున్నవాళ్ళకి పనికొస్తుంది. ఉదయగిరి నుంచి కువైట్ పోయే కూలీకి ఆ మాట ఏ సాయమూ చెయ్యదు. అతని టికెట్టు చాలాసార్లు యజమానో, రిక్రూటింగ్ ఏజెంటో గ్రూపు ధరకు తీసిందే. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకునే ఫీజుకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని పరిమితి ఉంది. ఆ పరిమితి దాటించి గుంజుతున్నారా లేదా అన్నది అతనికి అప్‌గ్రేడ్ కంటే పదింతలు ముఖ్యమైన ప్రశ్న. రెండేళ్ళకోసారి వచ్చిపోయేవాడి ఖాతాలో బిజినెస్ సీటుకు సరిపడా మైళ్ళు పోగవవు. ఎమిరేట్స్ మైళ్ళకు మూడేళ్ళే ఆయుష్షు, అంటే రెండో రాకపోక నాటికి మొదటివి కరిగిపోయే దశకొస్తాయి. అయినా అతను సభ్యత్వం తీసుకోవాలనే అంటాను, అది ఉచితం కనుక. కొన్ని సంస్థలు అదనపు సామానుకు మైళ్ళు తీసుకుంటాయి. ఇంటికొచ్చేటప్పుడు ఐదు కేజీలు ఎక్కువ తెచ్చుకోగలగడం అతనికి ముందు సీటు కంటే విలువైంది. అన్నదమ్ములు, భార్యాభర్తలు ఒకే సంస్థలో తిరిగేవాళ్ళయితే ఎమిరేట్స్ లాంటి చోట్ల కుటుంబం మైళ్ళు ఒకే ఖాతాలో కలుపుకునే వీలుంది. గ్రూపు టికెట్టుకి మైళ్ళు పడకపోవచ్చు, పడితే మంచిదే. ప్రయాణమయ్యాక నంబరు ఇచ్చి అడగాలన్నా గడువు నెలల్లోనే ఉంటుంది, కాబట్టి బోర్డింగ్ పాస్ పారేయకూడదు.

అమెరికా పోయే అమ్మానాన్నల విషయంలో నా లెక్క వేరు. అక్కడ నేను కొడుకు వైపే మొగ్గుతాను, కాని అతను ఎంచుకున్న దారి వైపు కాదు. చవక టికెట్టు ఏజెంటు దగ్గర తీయించి దానికి మైళ్ళు అతికించాలనుకోవడం అన్నిటికంటే బలహీనమైన పద్ధతి. డాలస్ కొడుకు ఉదాహరణే తీసుకుంటే, అదే అమెరికన్ మైళ్ళతో ఖతర్ బిజినెస్ టికెట్టు మొత్తంగా తీసుకోవచ్చు. అప్‌గ్రేడ్ కుదరని చోట పూర్తి టికెట్టు కుదురుతుందని చాలామందికి తెలియదు. మైళ్ళు ఎక్కువ ఖర్చవుతాయి, సీట్లు నెలల ముందే వెతుక్కోవాలి, పోను ఒకదారి దొరికి రాను దొరక్కపోవచ్చు. అయినా అందులో మధ్యవర్తి లేడు, అక్షరం చిక్కు లేదు, తేదీ మార్చుకోవాల్సొస్తే ఫోను చెయ్యాల్సింది ఒక్క చోటికే. పోయేటప్పుడు మైళ్ళ బిజినెస్ టికెట్టు, వచ్చేటప్పుడు ఏజెంటు ఎకానమీ టికెట్టు అని విడగొట్టుకున్నా తప్పు లేదు. ఏజెంటు అక్కడ కూడా పనికొస్తాడు. వీల్‌చెయిర్‌కి తరగతితో పని లేదు, ఏ టికెట్టుకైనా అడగొచ్చు.

అప్‌గ్రేడే కావాలనుకుంటే, విమానం ఏ సంస్థదో ఆ సంస్థ మైళ్ళే చేతిలో ఉండాలి. దోహా నుంచి వచ్చే విమానానికి ఖతర్ తన సభ్యులకిచ్చే ఏవియోస్ పాయింట్లు అన్నమాట. టికెట్టు నేరుగా ఆ సంస్థ దగ్గరే తీసుకోవడం మంచిది. ఏజెంటు దగ్గరే తీయాల్సొస్తే, డబ్బు కట్టక ముందు అడగవలసినవి అడగాలి. ఏ అక్షరం? ఆ అక్షరానికి మైళ్ళతో అప్‌గ్రేడ్ ఉందా? టికెట్టు మీద ధర కనిపిస్తుందా? విమానం ఆ సంస్థే నడుపుతుందా, లేక దాని నంబరుతో ఇంకో సంస్థ నడుపుతుందా? చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. ఒక సంస్థ నంబరుతో ఇంకో సంస్థ విమానం ఎక్కితే అప్‌గ్రేడ్ మాట సాధారణంగా అక్కడితో సరి. నాలుగు వేలు ఎక్కువ పెడితే పై అక్షరం వస్తుందంటే చాలాసార్లు ఆ నాలుగు వేలు దండగ కాదు.

చెన్నైలో చెకిన్ దగ్గర చూసుకుందామన్న ఆశ ఒకటి మిగులుతుంది. చెకిన్ తెరుచుకున్నాక టికెట్టు మీద అదుపు సంస్థ చేతికి వస్తుంది, ఎమిరేట్స్ లాంటివి అక్కడ కూడా మైళ్ళు తీసుకుంటాయి. మైళ్ళున్న మనిషి తానే ఎక్కుతుంటే ఇది నిజమైన దారి, ఏజెంటు టికెట్టుకి కూడా ఒక్కోసారి పనిచేస్తుంది. కాని మన కేసులో మైళ్ళు డాలస్‌లో ఉన్నాయి, అమ్మ మీనంబాక్కంలో కౌంటరు ముందు నిలబడి ఉంది. ఖాతా కొడుకుది, పాస్‌వర్డు కొడుకుది, ఓటీపీ పోయేది అతని ఫోనుకి. కౌంటరులో ఉన్న మనిషి ఆమె మాట మీద ఆ మైళ్ళు తీసుకోడు. పెద్దవాళ్ళని ఆ కౌంటరు ముందు బేరానికి నిలబెట్టే పని ఎవరూ పెట్టుకోకూడదు.

ట్రావెల్స్ వాళ్ళను నేను కోరేది చాలా చిన్నది. పాస్‌పోర్టు జిరాక్సు అడిగినట్టే మైళ్ళ సభ్యత్వం నంబరు అడగాలి. రసీదు కింద తెలుగులో ఒక వాక్యం రాయాలి: ఈ టికెట్టుకి అప్‌గ్రేడ్ లేదు, లేదా ఉంది, ఫలానా వాళ్ళను అడగాలి. ఆ వాక్యం రాస్తే నాలుగు టికెట్లు పోతాయేమోనని వాళ్ళ భయం. అమెరికా టికెట్టు ఏడాదికోసారి తీయించే కుటుంబం మళ్ళీ వచ్చేది ఆ వాక్యం రాసినవాడి దగ్గరికేనని నా నమ్మకం.